పద్నాలుగో సీటు హాజరు

లెక్కకన్ను మీద దుమ్ము పడితే అది మూటను మనిషంటుంది, మనిషిని మూటంటుంది. అందుకని బస్సు కదలడానికి పావుగంట ముందు వినోద తడిగుడ్డ పట్టుకుని, మెట్టు మీద నిలబడి దాన్ని తుడుస్తుంది. కండక్టరుగా చేరిన పదకొండేళ్ల నుంచీ ఇదే అలవాటు. ముందు తలుపు పైన, ఒకప్పుడు బస్సుల్లో దేవుడి పటం పెట్టుకునే చోట, కొబ్బరిచిప్పంత నల్లటి అద్దం. దాని కింద ఆకుపచ్చ అంకె. బస్సు ఖాళీగా ఉంది కాబట్టి అంకె సున్నా.

అలాగని పూర్తిగా ఖాళీ ఏమీ కాదు. పద్నాలుగో సీటు మీద ఎర్రగళ్ల తువ్వాలు పరిచి ఉంది.

అది ఈదమ్మది. వారానికి మూడు రోజులు ఆమె కొండ మీది తేనెబండపెంట అనే గూడెం నుంచి పొద్దున బస్సులో రంగాపురం దిగి, ఆస్పత్రిలో నాలుగు గంటలు రక్తం కడిగించుకుని, మూడింటికి ఇదే బస్సులో పైకి పోతుంది. ఈ మధ్యలో బస్సు డిపో షెడ్డులో కరెంటు తాగుతూ పడి ఉంటుంది. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. అయినా సరే, పొద్దున దిగేటప్పుడే తిరుగు ప్రయాణానికి తువ్వాలు వేసి మరీ దిగుతుంది.

"ఖాళీ బస్సుల నీ సీటు ఎవడు గుంజుకుంటడు ఈదమ్మా?" అని డ్రైవర్ జహంగీర్ నాలుగేళ్లుగా ఆటపట్టిస్తున్నాడు.

"గుంజుకున్నంక నువ్వు ఇప్పిస్తవా?" అని ఆమె నాలుగేళ్లుగా అదే జవాబు చెబుతోంది.

ఆ రోజు దారిహాజరులో మూడో రోజు. దారుల సవరణ రాజ్యాంగంలోకి ఎక్కి పదమూడేళ్లయింది. దాని ప్రకారం అడవిలో మోటారు దారికి హక్కుదారు అడవే. మనుషులు ఏటా ఒకసారి, వరుసగా మూడు రోజులు, ఏడో రాయి గేటు దగ్గర తమ అవసరాన్ని చూపించాలి. బస్సులో ఇరవై ఒక్కమంది నిత్యప్రయాణికులు ఉంటే దారి ఇంకో ఏడాది ఉంటుంది. ఒక్క రోజు ఒక్కరు తగ్గినా అప్పగింతే. తారు తవ్వి, కంకర ఎత్తి, విత్తనాలు చల్లి అడవికి ఇచ్చేస్తారు. మళ్లీ అడగడానికి లేదు. మొదటి ఏడాది జనం పెళ్లిబస్సుల్లో కుక్కినట్టు చుట్టాలందరినీ కుక్కి తెచ్చారు. ఆ తరువాతి ఏడాది నుంచి, ఏడాది పొడుగునా ఆ దారిలో తిరిగిన ముఖాలనే కన్ను లెక్కపెడుతోంది.

వినోద ఆ చట్టాన్ని తిట్టుకునే మనిషి కాదు. దానికి ఓటేయడానికి హైదరాబాదులో నాలుగు గంటలు వరుసలో నిలబడింది. అప్పుడు చంకలో మూడేళ్ల కొడుకు, వాడి ఛాతీలో ఆగని పిల్లికూతలు. ఇప్పుడు వాడు హాస్టల్లో కబడ్డీ ఆడుతున్నాడు, వాడి మందుగొట్టం ఏ పెట్టె అడుగున ఉందో ఆమెకే గుర్తులేదు. అప్పగించిన పాత దారుల్లో గడ్డి మొలిచి కణుజులు మేయడం ఆమె కళ్లారా చూసింది. ఆ చట్టం మీద ఆమెకు గౌరవం ఉంది, దాచుకోవడమెందుకు, ప్రేమ కూడా ఉంది. ఆమె చిక్కంతా అక్కడే వచ్చింది.

పెంటలో నిత్యప్రయాణికులు మొత్తం ఇరవై ఆరుగురు. మొన్న ఇరవై ముగ్గురు వచ్చారు. నిన్నటికి మొత్తం ఐదుగురు తునికాకు కోతకు వెళ్లిపోగా సరిగ్గా ఇరవై ఒక్కరు మిగిలారు. ఈ రోజూ వాళ్లే, ఒక్కరు కూడా అదనంగా లేరు.

రెండు నలభై ఐదుకు ఎక్కడం మొదలుపెట్టారు. చీపుర్లు అమ్ముకునే ఉడతల లింగస్వామి ముందు ఎక్కాడు. అంకె ఒకటి. ఒక్కొక్కరు మెట్టెక్కినప్పుడల్లా అందరూ తలెత్తి అంకె వైపే చూస్తున్నారు. ఎనిమిది నెలల కొడుకును ఎత్తుకుని రేణుక చివర ఎక్కింది. అంకె ఇరవై దగ్గర ఆగింది.

"అక్కా, వీణ్ని లెక్కవెట్టలే" అంది రేణుక.

"వానికి ఏడాది నిండలే కదమ్మా. ఏడాది తిరిగిన ముఖమైతెనే."

"కడుపుల ఉన్నప్పుడు నెలనెలా డాక్టరమ్మ దగ్గరికి నాతోనే వచ్చిండు కద. అవన్నీ ఎటుబోయినయ్?"

వినోదకు నవ్వొచ్చింది. "దీనికి కడుపు లోపల కనవడది తల్లీ" అని అద్దం వైపు చూపించింది. కానీ ఆ ప్రశ్న ఆమెలో ఎక్కడో ఉండిపోయింది.

మూడు గంటల ఐదు నిమిషాలకు ఆస్పత్రి నుంచి నర్సు ఫోను చేసింది.

"అక్కా, పొద్దున ఒక మిషను మొరాయించింది. ఈదమ్మను లేటుగ ఎక్కించినం. ఇంక నలభై నిమిషాలు పడుతది. సూది తీసి పంపుమని ఒక్కటే లొల్లి చేస్తుంది. అప్పుడే చెప్పులు గూడ ఏసుకుంది. తియ్యమంటవా?"

వినోద పద్నాలుగో సీటు వైపు చూసింది. బస్సులో ఇరవైమందీ ఆమె ముఖం వైపే చూస్తున్నారు.

"తియ్యకుండ్రి. పూర్తి కానియ్యండి" అంది. "రేపు పొద్దున బస్సు ఆడికే వస్తదని చెప్పు. రాత్రికి ఆమెకు అన్నం వెట్టించు."

ఆమె ఫోను పెట్టేసింది. జహంగీర్ వెనక్కి తిరిగాడు.

"ఆగుదామా?"

"ఎంతసేపు ఆగుతవ్? నాలుగున్నరకు జంతువేళ. అటెన్క అడవిల బండ్లు తిరగొద్దు."

"ఒక్క అరగంట, మేడం. తొక్కించుకుంట పోత."

"పోయినేడు ఐదు నిమిషాలకే కణుజు పిల్ల టైరు కింద వడ్డది. మూడు దినాలు అన్నం తినలే నువ్వు. మరిచినవా?"

జహంగీర్ మరిచిపోలేదు. బస్సు తీశాడు.

రంగాపురం దాటితే ఎర్రమట్టి చేలు, ఆ తరువాత బండరాళ్లు, ఆ తరువాత అడవి. మామూలుగా ఈ దారంతా కబుర్లే. ఎవరి మేక ఈనింది, ఎవరికి పింఛను ఆగింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది. ఆ రోజు బస్సు శబ్దం తప్ప ఏమీ లేదు. కరెంటు బస్సుకు అసలు శబ్దమే తక్కువ.

"ఇగ అయిపోయినట్టేనా బిడ్డా?" అని లింగస్వామి నెమ్మదిగా అడిగాడు.

వినోద కిటికీలోంచి దారి వైపు చూసింది. దారి పోతే మిగతావాళ్లు ఎలాగో బతుకుతారు. కాలిబాట ఉంది, పద్దెనిమిది కిలోమీటర్లు నడవగల కాళ్లు ఉన్నాయి. ఈదమ్మకు వాచిన కాళ్లు ఉన్నాయి. ఆమెకు రంగాపురంలో ఒక పునరావాస గది ఇస్తారు. చట్టం ఆ మాత్రం దయ ఉన్నదే. ఆ గదిని పోయిన నెల చూపించారు కూడా. ఈదమ్మ గోడలు తట్టి చూసి, కిటికీ తెరిచి అవతలి గోడను చూసి, బస్సు దాకా వచ్చి వినోదతో ఒక్క మాట అంది. "మంచిగనే ఉంది బిడ్డా. ఆడుంటే మిషను దొరుకుతది. నేనే దొరకను."

ఆ మాట వినోదకు గుర్తొచ్చింది. తన మీద తనకే కోపం వచ్చింది. సూది తీయొద్దన్నది తనే. బస్సు కదిలించమన్నదీ తనే. రెండూ సరైన పనులే. రెండు సరైన పనులు చేసి ఒక ముసలమ్మ ఇల్లు పోగొడుతోంది.

మూడూ యాభై రెండుకు ఏడో రాయి గేటు దగ్గర ఇనుప పలక మీద బస్సు ఆగింది. కన్ను ఒకసారి చిట్లించినట్టయి, సీట్లన్నీ తడిమి చూసుకుంది. అంకె ఇరవై. వినోద చేతిలోని హాజరు పలక తెర మీద అంతా రాసే వచ్చింది: తేదీ, దారి, నిత్యప్రయాణికులు ఇరవై. కింద 'ధ్రువీకరిస్తున్నాను' అన్న గుండ్రటి ముద్ర. కన్ను లెక్కపెట్టడం, కండక్టరు నొక్కడం. పదకొండేళ్లుగా నొక్కుతూనే ఉంది.

ముద్ర కింద 'కండక్టరు మాట' అని చిన్న ఖాళీ ఉంటుంది. అందులో ఆమె ఇంతవరకు రాసింది రెండే సార్లు, రెండు సార్లూ 'వాన' అనే.

ఆమె లేచి పద్నాలుగో సీటు దగ్గరికి నడిచింది. తువ్వాలు ఒక అంచు చినిగింది. సీటు మధ్యలో, ఎవరూ పక్కకు జరపకుండా, పొద్దున పరిచినది పరిచినట్టే ఉంది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా దాని మీద ఎవరూ కూర్చోలేదు. పింఛన్ల కోసం బ్యాంకుకు పోయే రోజుల్లో జనం నిలబడి వచ్చినప్పుడు కూడా కూర్చోలేదు. 'అది ఈదమ్మ సీటు' అనేవాళ్లు, ఆమె అక్కడే ఉన్నట్టుగా.

వినోద వేలితో రాసింది. నిదానంగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు.

'ఇరవై ఒకటి. సీటు పద్నాలుగులో మనిషి లేదు, ఆమె తువ్వాలు ఉంది. మనిషి ఆస్పత్రిలో మిషను మీద ఉంది. పేరు తోకల ఈదమ్మ. ఈ బస్సు ప్రయాణికురాలే.'

ముద్ర నొక్కింది. పలక ఒక్క క్షణం ఏమీ తోచనట్టు ఆగిపోయింది. తరువాత గేటు లేచింది.

బస్సు రెండు మలుపులు తిరిగేలోపు దారుల వివాదాలు తేల్చే దారిపీఠం నుంచి పిలుపు వచ్చింది. పరిశీలకురాలు హిమజ. హైదరాబాదులో కూర్చుని నూట నలభై దారుల హాజరు చూస్తుంది. మర్యాదస్థురాలు.

"వినోదగారూ, కన్ను ఇరవై అంటోంది. మీరు ఇరవై ఒకటి రాశారు. పొరపాటున నొక్కారా?"

"లేదు మేడం."

"అక్కడ ఉన్నది తువ్వాలు కదండీ."

"తువ్వాలనే రాసిన కద. అబద్ధం ఏం రాయలే."

"వస్తువును మనిషిగా ఎలా లెక్కేస్తామండీ?"

"మీరు చిన్నప్పుడు ఊరి బస్సెక్కలేదా? కిటికీలకెళ్లి దస్తీ ఏస్తే ఆ సీటు ఎవరిది?"

"మా అమ్మమ్మ కొంగు ముడి విప్పి, చేతిరుమాలు నాకిచ్చి, కిటికీలోంచి వేయమనేది" అంది హిమజ. అన్నాక గొంతు సర్దుకుంది. "కానీ అది వేరు. కన్నుకూ కండక్టరుకూ తేడా వస్తే, పీఠం విచారించేదాకా కండక్టరు మాటే నిలుస్తుంది. సవరణలో అలాగే ఉంది. పదమూడేళ్లలో దాన్ని ఎవరూ వాడలేదు. మీ ముద్ర హక్కును పీఠం వెనక్కి తీసుకునే అవకాశం ఉంది, తెలుసా?"

"తెల్సు."

"ఇవన్నీ బహిరంగ నమోదులు. ఈ పాటికి అన్ని బస్సుల్లో కనిపిస్తుంటుంది. ప్రతి దారిలో ఎవరో ఒకరు సంచి పెడతారు, చెప్పులు పెడతారు. అడవికి ఇంకొక్క దారైనా అప్పగించగలమా? మీరు ఆలోచించారా?"

వినోద ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నిజంగానే భయం వేసింది. కొడుకు ఛాతీలోని పిల్లికూతలు చెవిలో వినిపించాయి.

పిలుపు ఇంకా నడుస్తుండగానే పలక మీద వేరే సందేశం మెరిసింది. ఎక్కడో ఉత్తరాన గోదావరి అవతలి దారి, పేరు తెలియని కండక్టరు. 'అక్కా, మా బస్సుల ఒక సీటు మీద పుస్తకాల సంచి ఉంది. ఆ పిల్ల పరీక్ష రాస్తున్నది, బస్సు అందుకోలే. రాయొచ్చా?' దాని కిందే ఇంకొకటి. 'రెండు దస్తీలు ఉన్నయి. ఎవరివో ఎరుక లేదు. రాసేదా?'

బస్సులో ఇరవైమందీ మెడలు చాచి ఆమె చేతిలోకే చూస్తున్నారు. రేణుక ఒళ్లో పిల్లవాడు కూడా చూస్తున్నాడు.

వినోద ఇద్దరికీ ఒకే జవాబు పంపింది. 'మనిషి ఎవరో, ఎందుకు రాలేదో నీకు తెలిస్తే రాయి. తెల్వకుంటే రాయకు.'

హిమజ కూడా అది చదివినట్టుంది. పైవాళ్లను అడుగుతానని, ఫోను పెట్టేయొద్దని చెప్పింది. పదమూడేళ్లుగా ఎవరున్నారో లెక్కపెట్టిన యంత్రం ముందు, ఎవరు లేరో ఎవరికి తెలుసన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. దాన్ని వేసుకోవడానికి ఏ పట్టికలోనూ గడి లేదు.

నాలుగూ ఇరవై ఏడుకు బస్సు పెంటలో ఆగింది. వెనక చెట్లలో అప్పుడే ఏదో మంద కదిలిన అలికిడి. జహంగీర్ ఊపిరి పీల్చుకుని దీపాలు ఆర్పేశాడు. జనం దిగుతూ పద్నాలుగో సీటు పక్కన ఒద్దికగా, తగలకుండా నడిచారు.

"విచారణ ఎల్లుండి" అంది హిమజ చివరకు. "మీరు రావాలి. ఇంకొకటి. ఆ తువ్వాలును సాక్ష్యం కింద సీలు వేసి రేపు పొద్దున పంపించాలి."

"నేనొస్త. తువ్వాల పంపను."

"వినోదగారూ..."

"రేపు పొద్దున ఆస్పత్రి కాడ ఈదమ్మ ఎక్కుతది మేడం. ఎల్లుండి మల్ల మిషను ఉంది. దిగేటప్పుడు సీటుకు ఏం ఏస్తది?"

అవతల కలమో, కీబోర్డో చిన్న చప్పుడు చేసింది.

"సరే. తువ్వాలు బస్సులోనే ఉందని రాస్తాను" అంది హిమజ. "రంగు చెప్పండి."