బుగ్గ మండినా బాగుందన్నాడు

"మీరు గడ్డం దేంతో గీసుకుంటారు?"

కళ్ళజోడుకి బుల్లి స్క్రూ బిగిస్తున్న కుర్రాడి చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారి కౌంటరు కిందికి దొర్లింది. షాపుకొచ్చిన అమ్మాయిలు ఈ ఫ్రేము నాకు నప్పిందా అని అడుగుతారు గానీ గడ్డం సంగతి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

"బ్లేడుతోనండీ."

"బ్లేడు సరే. సబ్బా, క్రీమా?"

"డబ్బా నొక్కితే నురగొస్తుంది కదండీ, అది."

"అందుకే మెడంతా అలా పేలింది." ఆమె వాళ్ళ నాన్న కళ్ళజోడు సంగతి మర్చిపోయి ముందుకు వంగి మరీ చూసింది. "ఇలాంటి మొహం కోసమే వెతుకుతున్నాను నేను."

సగం మాటే విని ఉంటే అతను గాల్లో తేలిపోయేవాడు. మిగతా సగం ఆమె గడగడా చెప్పేసింది. వెనక వీధిలో, ఇంటి వెనక గదిలో సబ్బులు చేస్తుందట. ఇప్పుడు బ్రష్‌తో నురగ తీసి రాసుకునే షేవింగ్ సబ్బు మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న స్నేహితుడు, సెలూన్ బాబాయ్, బాగుంటే తన షాపులో వాడతానన్నాడు.

"ఆయన వాడితే మిగతా సెలూన్ల వాళ్ళూ అడుగుతారు. లేదంటే నేను మళ్ళీ కాల్ సెంటర్‌కి పోయి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకోవాలి."

"మరి మీ నాన్నగారి మీద చూడొచ్చు కదండీ?"

"ఆయనా? గిన్నెలు తోమే సబ్బు రాసినా అద్భుతం తల్లీ అంటారు. నాకు మొహమాటం లేని మనిషి కావాలి."

"నాకస్సలు లేదండీ," అన్నాడు, బోలెడంత మొహమాటంతో.

మర్నాడు పొద్దున అతను బాత్రూమ్ తలుపేసుకుని, ఆమె చెప్పినట్టే బ్రష్‌ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, సబ్బు మీద గుండ్రంగా తిప్పాడు. నురగ మబ్బులా పొంగింది. ఘుమఘుమలాడే వాసన. ఆహా అనుకుంటూ బుగ్గలకి పట్టించాడు. కాసేపటికి ఆహా కాస్తా అబ్బా అయింది.

"ఒరే, లోపల ఏం చేస్తున్నావురా? నేను ఆఫీసుకి పోవద్దూ?" అక్క తలుపు బాదింది.

సాయంత్రం షాపు గుమ్మంలో గొడుగు దులుపుతూ సబ్బులమ్మాయి నిలబడింది. "ఎలా ఉంది?" అని అడుగుతున్నప్పుడు ఆమె కళ్ళు పరీక్ష ఫలితాల కోసం వచ్చినదాని కళ్ళలా ఉన్నాయి.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అదే సమయానికి పక్క మందుల షాపు కుర్రాడు నున్నటి బుగ్గలేసుకుని అటుగా వెళ్ళాడు. నిజం వెనక్కి వెళ్ళిపోయింది.

"వాసన మాత్రం అదిరిందండీ."

"నిజంగా? లవంగ నూనె అది. భయపడుతూ కొంచెమే వేశాను."

"భయమెందుకండీ, భలే ఉంది!"

ఆమె మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి అతను నాలుగు మాటలు కలిపాడు, ఆమె నవ్వింది. వాన తగ్గాక కూడా చాలాసేపు వెళ్ళలేదు. వెళ్ళి, అతను మెచ్చుకున్నాడు కదా అని తర్వాతి సబ్బులో లవంగ నూనె పెంచింది. ఎర్రబడ్డ బుగ్గలకి పౌడరు దట్టించి అతను మళ్ళీ మెచ్చుకున్నాడు. ఆమె మళ్ళీ పెంచింది.

ఆదివారం పొద్దున అక్క ఐసుముక్కలు గుడ్డలో మూటకట్టి తమ్ముడి బుగ్గకి అద్దుతూ కూర్చుంది.

"ఇష్టమైతే నోటితో చెప్పాలిరా. ఇలా మొహం తగలబెట్టుకుంటారా ఎవరైనా?"

"చెప్తాలే అక్కా. ముందు కాస్త పరిచయం పెరగనీ."

"పెరిగేలోపు నీకు చర్మం మిగలదు. పాపం ఆ పిల్ల ఇందాక సందు చివర కనిపించింది. మీ తమ్ముడు బాగుందన్నాడక్కా, ఇవాళే సెలూన్‌లో మొదలుపెడుతున్నాం అని పొంగిపోతోంది."

అతను ఐసు మూటతో సహా లేచి పరిగెత్తాడు. తన బుగ్గలంటే సరే, తనిష్టం. ఊళ్ళోవాళ్ళ బుగ్గలు మండితే ఆమె గతేంటి?

తుంపర్లో తడుస్తూ అతను సెలూన్‌లోకి దూసుకొచ్చేసరికి కుర్చీలో ఒక పెద్దాయన మొహం నిండా నురగతో కూర్చుని ఉన్నాడు. బాబాయ్ రేజరు ఎత్తాడు. సబ్బులమ్మాయి పక్కనే చేతులు నలుపుకుంటోంది.

"ఆపండి! అది మండుతుంది!"

"ఎవరికి?" అంది ఆమె.

"నాకండీ. మొదటి సబ్బు నుంచీ."

"మరి బాగుందన్నారు కదా!"

"మండుతోందంటే మీరు ఇంకో మొహం వెతుక్కుంటారని..."

బాబాయ్ చేతిలో రేజరు గాల్లోనే ఆగిపోయింది. ఆమె ఏదో అనబోయి, అనుమానంగా కుర్చీ వైపు తిరిగింది.

"నాన్నా, మీ కళ్ళమ్మట నీళ్ళేంటి?"

"ఆనందం తల్లీ."

"నాన్నా!"

"నాకేం లేదమ్మా. చెవుల్లోంచి పొగలొస్తున్నాయేమో మాత్రం ఒకసారి చూడు."

ఆమె గబగబా తడి తువ్వాలుతో తండ్రి మొహం తుడిచింది. తుడుస్తూనే కుర్రాడి వైపు తిరిగింది. "ఇద్దరూ ఇద్దరే! మీ మాట నమ్మే కదండీ నేను ఇంత సబ్బు చేసింది? ఇంక బాబాయ్ ఎందుకు తీసుకుంటాడు?"

అతనికి ఆ క్షణాన బుగ్గల మంట గుర్తే లేదు. "తప్పు నాదండీ, సబ్బుది కాదు. నురగ చిక్కగా ఉంటుంది, చివరిదాకా ఆరదు. బ్లేడు హాయిగా జారుతుంది, ఒక్కసారీ తెగలేదు. ఆ నూనె ఒక్కటే చేటు. మొదటిరోజే నేను నోరు విప్పుంటే మీరు అప్పుడే తీసేసేవారు."

"ఇదైనా నిజమేనా?"

జవాబు బాబాయ్ చెప్పాడు. గిన్నెలో నురగ వేళ్ళ మధ్య నలిపి చూసి, "మీరిద్దరూ ఇంతసేపు పోట్లాడుకున్నా ఇది కూలలేదమ్మా. నూనె లేకుండా చేసి పట్రా, చూద్దాం. ఈసారి కుర్చీలో ఈ అబ్బాయే కూర్చోవాలి" అన్నాడు.

ఆ వారమంతా ఆమె కళ్ళజోళ్ళ షాపు వైపు తొంగిచూడలేదు. అతని మొహం మాత్రం మెల్లగా మామూలు రంగుకొచ్చింది.

తర్వాతి ఆదివారం బాబాయ్ అతనికి కొత్త సబ్బు పట్టించి, నున్నగా గీసి, నీళ్ళతో కడిగాడు. పెద్దాయన పేపరు పక్కన పెట్టాడు. ఆమె కుర్చీ వెనక నిలబడి అద్దంలోంచి అతన్ని చూసింది.

"చెప్పండి."

అతను బుగ్గ తడిమి చూసుకున్నాడు. "మంట లేదు. బ్లేడు వెన్నలా జారింది. కానీ కింది పెదవి దగ్గర చర్మం కాస్త బిగిసింది."

ఆమె కోప్పడలేదు సరికదా, ఎన్నడూ లేనంతగా నవ్వింది. "గ్లిజరిన్ కొంచెం పెంచితే సరిపోతుంది."

"అది చూసుకుని సోమవారం నుంచి పంపమ్మా," అన్నాడు బాబాయ్.

"ఇంకా ఏమైనా ఉందా?" ఆమె మళ్ళీ అద్దంలోకి చూసింది.

"ఒకటుందండీ. సబ్బు గురించి కాదు. మీరంటే నాకు..."

ఆమె కుర్చీ పట్టుకుని గిర్రున తనవైపు తిప్పేసింది.

"అద్దానికి కాదు, నాకు చెప్పండి."

పెద్దాయన గొంతు సవరించుకుని బాబాయ్ మోచెయ్యి పట్టుకుని లాగాడు. "ముందు నువ్వా రేజరు కింద పెట్టు బాబూ. అల్లుడు అదురుతున్నాడు."