రెండు ప్యాకెట్లు, ఒక వెన్నెముక

ఉదయం ఎనిమిదింబావుకి ఆసుపత్రి లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల ల్యాబ్ నుంచి వచ్చిన కొరియర్ గోడకు చేరగిలబడి ఉన్నాడు, కునుకు తీస్తున్నట్టు. మెడ మీద సూది దిగిన గుర్తు. ఒళ్ళో ఉక్కు పెట్టె. దాని సీలు చెక్కుచెదరలేదు.

"చంపారు. పెట్టె మాత్రం పట్టుకుపోలేదు. ఎందుకు?" ఆసుపత్రి రికార్డుల గదిలో నిఘా విభాగం చీఫ్ గొంతు తగ్గించి అడిగాడు.

"లోపలి సరుకు మార్చేసుంటారు సార్," అన్నాడు ఏజెంట్. పొట్టిగా, సన్నగా ఉంటాడని డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని పిచ్చుక అంటారు.

చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు. పెట్టెలో ఉన్నది వెన్నుపూసల మధ్య పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క. మామూలుగా ఎముక ఆ ప్లాస్టిక్‌ను దగ్గరికి రానివ్వదు. మన ల్యాబ్ దాని పైపొరను ప్లాస్మాతో, అంటే విద్యుత్తు పట్టించిన వాయువుతో, మార్చింది. ఇక ఎముక దాన్ని తనదే అనుకుని అల్లుకుపోతుంది. పదకొండింటికి మొదటి ఆపరేషన్. పన్నెండు దేశాల డాక్టర్లు తెర మీద చూస్తారు. అది ఫెయిలైతే పరాయి ముఠా తన నాసిరకం ముక్కల్ని ప్రపంచమంతా అంటగడుతుంది.

"పేషెంటు?"

"బస్సు డ్రైవరమ్మ. ముక్క జారితే కాళ్ళు పోతాయి."

"వాయిదా వేద్దాం సార్."

"ఇవాళ చెయ్యకపోతే నరం చచ్చిపోతుందట. ఇంకో ముక్క తయారవడానికి వారం. ముఠాలో మన మనిషి ఉంది, కోడ్ నేమ్ నెమలి. అసలుది తెస్తానంది. వెళ్ళు."

పదిన్నరకి పిచ్చుక పచ్చ డ్రెస్సులో స్ట్రెచర్ తోస్తున్నాడు.

"ఏం బాబూ, అంత నెమ్మదిగా తోస్తున్నావు? ఆపరేషన్ నాకా, నీకా?" అంది డ్రైవరమ్మ.

"మీకేనమ్మా."

"అయితే ధైర్యంగా తొయ్యి. బ్రేకులు ఫెయిలైన బస్సుని కొండ దింపినదాన్ని. నాకే భయం లేదు."

థియేటర్ గుమ్మంలో నర్సు వేషంలో ఒకామె ఎదురైంది. మాస్కు మీద ఆ కళ్ళు చూస్తే ఎవడైనా దారి మర్చిపోవాల్సిందే.

"ఫ్యాను చప్పుడు చేస్తోందా?" అడిగాడు.

"ఒక్క రెక్కే," అంది నెమలి. కోడ్ సరిపోయింది. ఆమె ఒక ప్యాకెట్ అందించింది. "పెట్టెలోది నకిలీ. ఇదీ అసలుది. ప్రాణాలకి తెగించి తెచ్చాను."

పదకొండు నలభై. ట్రేలో రెండు మీగడరంగు ముక్కలు, కవలల్లా.

"వెన్ను తెరిచి ఉంది. ఐదు నిమిషాల్లో ఏదో ఒకటి పెట్టాలి," అన్నాడు సర్జన్. అతని పట్టకారు నెమలి తెచ్చిన ముక్కను పట్టుకుంది.

పిచ్చుక మనసులో ఏదో కలుక్కుమంది. కొరియర్ బతికుండే లిఫ్టు ఎక్కాడు, అది పైకి రావడానికి పట్టేది ఇరవై సెకన్లు. అంతలో మనిషిని చంపి, సీలు తీసి, ముక్క మార్చి, మళ్ళీ సీలు వెయ్యగలరా?

"ఆగండి సార్!" పచ్చ డ్రెస్సు లోపల దాచిన మైకు నొక్కాడు. ల్యాబ్ సైంటిస్ట్ లైన్లోకి వచ్చింది. చనిపోయిన కొరియర్‌కి ఆవిడ సొంత అక్క. కబురు ఆవిడకింకా చేరలేదు.

"అమ్మా, అసలుదేదో ఎలా తెలుస్తుంది? తొందరగా!"

"రెండిటి మీదా చెరో బొట్టు సెలైన్ వెయ్యండి. మేము మార్చిన పొర తడి పట్టుకుంటుంది, బొట్టు పరుచుకుపోతుంది. మామూలు ప్లాస్టిక్ మీద ముత్యంలా నిలబడుతుంది." ఆ వెంటనే అడిగింది. "మా తమ్ముడు అక్కడే ఉన్నాడా? ఫోనెత్తడం లేదు."

"ఉన్నాడమ్మా," అన్నాడు పిచ్చుక.

సర్జన్ సిరంజితో రెండు బొట్లు వేశాడు. పెట్టెలోంచి వచ్చిన ముక్క మీద నీరు పల్చగా పాకింది. నెమలి తెచ్చినదాని మీద గుండ్రంగా నిలబడి మెరిసింది.

కొరియర్‌ని చంపింది పెట్టె కోసం కాదు. అసలుదాన్ని మన చేత్తోనే మనం పారేసేలా చెయ్యడానికి!

గుమ్మం దగ్గరే నిలబడ్డ నెమలి చెయ్యి జడలోకి పోయింది. సూది తళుక్కుమంది. పిచ్చుక ఆమె మణికట్టు ఒడిసిపట్టి గోడకేసి నొక్కాడు. సూది నేల మీద పడింది.

"డాక్టర్, పెట్టెలోది పెట్టండి!"

"ఇంకా ముప్ఫై సెకన్లే టైముంది," అంది మత్తు డాక్టరు.

ముక్క పూసల మధ్య కుదురుకుంది. మానిటర్ మీద అంతసేపూ పడిపోయి ఉన్న నరం తాలూకు పచ్చ గీత మళ్ళీ లేచింది.

మూడింటికి డ్రైవరమ్మ కాలివేళ్ళు కదిలించి, మొదటి గేరు పడిందని ప్రకటించింది.

సాయంత్రం పిచ్చుక వేషం తీసేసి ల్యాబ్ తలుపు తట్టాడు. సైంటిస్ట్ తలుపు తీసి, "ఎవరండీ మీరు?" అంది.

పదిహేనేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్నకి అతని దగ్గర పద్నాలుగు అబద్ధపు జవాబులు తయారుగా ఉండేవి. అవన్నీ వదిలేసి, "పొద్దున మీ తమ్ముడు ఉన్నాడని అబద్ధం చెప్పినవాణ్ణమ్మా," అన్నాడు.