సగం సైజు

"వరప్రసాదం గారంటే మీరేనా?"

తెనాలి ఆఫీసు కంప్యూటర్ గదిలో వరప్రసాదం తలెత్తాడు. గుమ్మంలో ఒకమ్మాయి. తడిసిన గొడుగుని కత్తిలా పట్టుకుంది.

"అవునండి. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. నేను రేపల్లె బ్రాంచి సరోజని. సగం ఫైలే పంపానని మీ మేనేజరుకి చెప్పింది మీరేగా? ఫోనులో ఆయన కేకలు బ్రాంచంతా విన్నారు. సోమవారం నుంచి రావద్దన్నారు. పర్మనెంటు కావలసిన నెలలో!"

ఆ ధాన్యం వ్యాపారుల సొసైటీకి కంప్యూటర్లు కొత్త. ప్రతి శనివారం సరోజ రేపల్లె లెక్కలన్నీ టేపులోకి ఎక్కించి రైల్లో తెనాలి హెడ్డాఫీసుకి పంపేది.

వరప్రసాదం టేపు డబ్బా చూపించాడు. "ఫైలు సైజు దీని మీద మీరే రాశారు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లో చూస్తే అందులో సగమే ఉందండి."

"ఫైలు తెరిచారా?"

"లేదండి."

"నన్నడిగారా?"

"లేదండి."

"ఒక్క అంకె చూసి మనిషిని దొంగని చేశారన్నమాట! ఆ ఫైలు ఇప్పుడే, నా కళ్ల ముందు బయటికి తీయండి."

టేపు గిర్రున తిరిగింది. వరప్రసాదం ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. గొడుగు నీళ్లు తన చెప్పుల్లోకి కారుతున్నా పక్కకి జరగలేదు.

ఫైలు బయటికొచ్చింది. డబ్బా మీద రాసిన సైజే, ఆఖరి అంకెతో సహా.

"మరి డేటాబేస్‌లో సగమెందుకుంది?" అన్నాడు వరప్రసాదం అయోమయంగా.

సరోజ కుర్చీ లాక్కుని, కుడి బాణం మీట నొక్కింది. తెర అంచున దాగిన గడి ఇవతలికి జరిగింది. ఫైలు అసలు సైజు అందులో ఉంది. అతను చూసింది టేపులో చోటు కోసం సాఫ్ట్‌వేర్ కుదించాక మిగిలిన సైజు.

"పరుపు చుట్టి తాడు బిగిస్తే బస్సు మీద ఎంత చోటు పడుతుంది?"

"సగమే."

"దూది నేను తిన్నానా మరి?"

వరప్రసాదం లేచి మేనేజరు గదిలోకి వెళ్లొచ్చాడు. "తప్పు నాదని చెప్పానండి. మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు."

"గదిలో చెప్తే సరిపోదు. నా పరువు పోయింది నలుగురి ముందు. రేపల్లె వచ్చి ఆ నలుగురి ముందే చెప్పండి."

"మధ్యాహ్నం రైలుకే వస్తాను."

రైల్లో జల్లు కొడుతున్న కిటికీ పక్కన తను కూర్చుని, పొడి చోటు ఆమెకిచ్చాడు. వేమూరు దాటాక నోరు విప్పాడు.

"డబ్బా మీద 'ఎండలో పెట్టకండి' అని రాస్తారు కదా. ఆ చేతిరాత కోసమే శనివారాలు ఎదురుచూసేవాణ్ణి."

"అలా రాసే మనిషి మోసం చేస్తుందని ఎలా అనుకున్నారండి?" అంది సరోజ.



బ్రాంచిలో వరప్రసాదం అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు. సరోజ నవ్వలేదు. కానీ తర్వాతి శనివారం డబ్బా మీద కొత్త వాక్యం వచ్చింది: 'రేపు ఆరాధనకి రండి. మా అమ్మ మిమ్మల్ని నాలుగు తిట్టాలంటోంది.'

ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర సరోజ తల్లి జ్ఞానమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"మా పిల్ల మీద నింద వేసింది నువ్వేనా, బాబూ?"

"నేనేనండి."

"భోజనానికి రా. తిట్లు తిన్నాక."

వాన అందుకుంది. సరోజ గొడుగు విప్పి అతని తల మీదికి జరిపింది, ముఖం ఇంకా ముడుచుకునే.

"సగమే మీకు. ఈసారైనా సరిగ్గా చూసుకోండి."