మూడు రోజుల మౌనం

2068 నాటికి కాకినాడలో ఎవరూ పొయ్యి చేత్తో వెలిగించేవారు కాదు. అన్నం, ఉతుకు, అత్తగారి మాత్రలు, పిల్లల చదువు అన్నీ ఇంటి యంత్రమే చూసుకునేది. దానికి కనీసం ఒక్క గొంతునైనా నమోదు చేయాలి. దాన్ని గృహస్వరం అనేవారు. దాదాపు ప్రతి ఇంటా అది ఇల్లాలి గొంతే.

డాక్టర్ వకుళ బెంగ వేరే గొంతుల గురించి. ఆపరేషన్‌కి మత్తిచ్చాక ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేస్తారు. దాని కొసనున్న గాలిబుడగ శ్వాసనాళాన్ని ఒత్తుతుంది. మెలకువ వచ్చాక గొంతు మండుతుంది. ఆమె కనిపెట్టిన స్పర్శనాళం ప్రతి ఊపిరికీ తన లావు తనే సరిచేసుకుంటుంది. ఒత్తిడి మించితే సెన్సర్ నమోదు చేస్తుంది. యాభై ఆపరేషన్లలో ఒక్కసారీ మించలేదు. అయినా ముప్ఫై మంది గొంతు నొప్పన్నారు. అందరూ ఆడవాళ్లే. మర్నాడే అనుమతుల కమిటీ. వాళ్లు కాదంటే పదకొండేళ్ల పని మూలపడుతుంది.

"ఫిలోమినా, పాత గొట్టాలేమైనా వేస్తున్నారా?" అని నర్సును అడిగింది.

"ఇరవయ్యేళ్ల సర్వీసు మేడమ్ నాది. నన్నడిగే బదులు వెళ్లి ఆ గొంతులు చూడండి."

వకుళ నమ్మలేదు. ఫిలోమినా చేత అలమర తెరిపించి, గొట్టాల నంబర్లన్నీ తనే సరిచూసింది. ఒక్కటీ తేడా లేదు. అప్పుడు వార్డుకు వెళ్లింది.

నిన్న పిత్తాశయం తీయించుకున్న సువర్చల పలక మీద రాసి చూపిస్తోంది. పక్కన అత్తగారు.

"మాట్లాడించకండి డాక్టరు గారూ. మా కోడలి గొంతు పుండైపోయింది. నిన్నట్నుంచీ ఇల్లు మా మాట వినట్లేదు. మా అబ్బాయి బియ్యం డబ్బా ఎక్కడుంటుందని నన్నడిగాడు."

ఆవిణ్ణి బయటికి పంపి, వకుళ కెమెరాతో గొంతు చూసింది. ఎక్కడా కందలేదు.

"మీ గొంతుకేం కాలేదమ్మా."

సువర్చల తలుపు వైపు చూసి, పలక పక్కన పెట్టింది. "మీ గొట్టం బంగారమండీ. గొంతు అస్సలు నొప్పెట్టలేదు, దాంతోనే చిక్కొచ్చింది. పొట్ట మీద పెద్ద కోతైనా లేదు. ఇంటికెళ్లగానే మాట్లాడమంటారు. లేచింది మొదలు పడుకునేదాకా అన్నీ నేనే చెప్పాలి. ఆయన గొంతు కూడా నమోదు చేయించండంటే, నీదుందిగా అంటారు. ఒక్క మూడ్రోజులండీ."

"మీరంతా కూడబలుక్కున్నారా?"

"దానికి కూడబలుక్కోవడం ఎందుకండీ?"

రోగులు అబద్ధమాడారని రాస్తే గొట్టం నిలుస్తుంది. కానీ రిపోర్టు నకలు రోగి ఇంటికీ వెళ్తుంది. వకుళ స్క్రీన్ మీద రిపోర్టు తెరిచింది. చివరికి రాసింది: 'గాయం లేదు. స్పర్శనాళం వేయించుకున్నవారు మూడు రోజులు మౌనం పాటించాలి.' వెళ్తూ ఫిలోమినాకు క్షమాపణ చెప్పింది. ఆమె తల ఊపింది కానీ నవ్వలేదు.

కమిటీ అధ్యక్షురాలు ఇందుమతి ప్రతి రిపోర్టునీ గుచ్చి గుచ్చి చదివే మనిషి.

"గాయమే లేనప్పుడు మౌనం దేనికి?"

"ముందు జాగ్రత్తకండీ."

"నొప్పన్న ముప్ఫై మందీ ఆడవాళ్లే?"

"అవునండీ."

ఇందుమతి వకుళ ముఖంలోకి కాసేపు చూసింది. మిగతా సభ్యులు, నలుగురూ మగవాళ్లే, వాచీలు చూసుకుంటున్నారు. ఆమె కలం తీసి 'మూడు' కొట్టేసి, 'ఏడు' అని రాసి, కింద సంతకం పెట్టింది.