ఒక్క రెక్క ముడి

"చేతులు కాస్త ఎత్తండి," అంది షాపులో పనిచేసే అక్క.

ఎదురుగా నిలబడ్డ విదేశీ ఆవిడకి అర్థం కాలేదు. అక్క తన చేతులు ఎత్తి చూపించింది. ఆవిడా ఎత్తింది. ఆవిడ పైచొక్కాకి రెండు పొడుగాటి రిబ్బన్లు వేలాడుతున్నాయి. అక్క వాటిని పట్టుకుని, అటు తిప్పి ఇటు లాగి ముడి వేసేసింది.

"అయిపోయింది. తరవాత ఎవరు?"

తరవాత పద్నాలుగు మంది ఉన్నారు. ఆ పద్నాలుగు మంది వెనక గయోన్ వాళ్ళ క్లాసు ఉంది.

క్లాసంటే తొమ్మిది మంది. ఆ ఊరి బడిలో నాలుగో తరగతికి అంతే. రాజభవనం చూడటానికి పొద్దున్నే బస్సెక్కి, మూడు గంటలు కూర్చుని సియోల్ వచ్చారు. పండగలకి వేసుకునే హాన్‌బోక్ బట్టల్లోనే లోపలికి వెళ్దామని పేక్ టీచర్ నెల ముందే చెప్పింది. అందరి ఇళ్ళలోనూ ఆ బట్టలు లేవు. ఉన్నవాళ్ళవి పొట్టి అయిపోయాయి. అందుకే గేటుకి ఎదురు సందులో ఉన్న ఈ అద్దె షాపుకి వచ్చారు.

బట్టలు తొడుక్కోవడం అయింది. ముళ్ళు మిగిలాయి.

"పన్నెండింటికి ఫోటోగ్రాఫర్ వస్తాడు," అంది పేక్ టీచర్, లాకర్లో బ్యాగులు కుక్కుతూ. "పెద్ద మండపం ముందు. మనకి అరగంటే. ఆ తరవాత ఆయనకి వేరే బడి ఉంది."

ఆ ఫోటోని పెద్దది చేయించి ఊరి హాల్లో గోడకి పెడతారు. ఊళ్ళో ముసలమ్మలందరూ మధ్యాహ్నం పూట అక్కడే చేరతారు. వాళ్ళ కంటికి ఏదీ ఆనకుండా పోదు.

గయోన్ గడియారం చూసింది. పదకొండూ పది. ఆమె క్లాసు లీడరు.

"క్యూలో ఎందుకు? నేను కట్టేస్తాను," అంది. "పండక్కి మా ఇంట్లో నావి నేనే వేసుకుంటా."

అది అబద్ధం కాదు. నిజంగానే ఆమే వేసుకుంటుంది. కాకపోతే ఇంట్లో ఉన్న చొక్కాకి ముడి ముందే వేసి, కుట్టేసి ఉంటుంది. దాని వెనక ఒక టిచ్ బటన్. టక్కుమని నొక్కితే సరి. రెండేళ్ళుగా గయోన్ ఆ బటనే నొక్కుతోంది.

ఇక్కడి చొక్కాకి బటన్ లేదు. ఒక పొట్టి రిబ్బను, ఒక పొడుగు రిబ్బను ఉన్నాయి. గయోన్ వాటిని కాసేపు చూసింది. తరవాత బూటు లేసు కట్టినట్టు కట్టింది. అటొక రెక్క, ఇటొక రెక్క వచ్చాయి. ఊడకుండా పైన ఇంకో ముడి బిగించింది.

"అది అలా కాదేమో," అంది పక్కనే ఉన్న నారే మెల్లిగా. "ఒక్క రెక్కే ఉండాలి. ఎడమ పక్కకి అడ్డంగా పడుకోవాలి."

"నీకెవరు చెప్పారు?"

"మా అమ్మ."

"మీ అమ్మది వియత్నాం కదా. ఆమెకెలా తెలుస్తుంది?"

గయోన్ గట్టిగా అనలేదు. తిట్టినట్టూ అనలేదు. లెక్కలో తప్పు చూపించినట్టు అంది.

నారే అద్దం దగ్గరికి వెళ్ళి తన ముడి తనే వేసుకుంది. వచ్చి లైను చివర నిలబడింది. పొద్దున బస్సులో గయోన్ పక్కన కూర్చుని తను తెచ్చుకున్న కింబాప్ అన్నం చుట్టల్లో సగం పెట్టింది ఈ నారేయే.

గయోన్ మిగతా ఏడుగురికీ కట్టింది. అందరికీ రెండు రెక్కలు, పైన గట్టి ముడి. సక్‌జున్‌కి అది బాగా నచ్చింది. తన ప్యాంటు నాడాకి కూడా అలాగే రెండు ముళ్ళు బిగించుకున్నాడు.

"ఇప్పుడు తుపాను వచ్చినా నా ప్యాంటు ఊడదు," అన్నాడు.

*

గేటు దగ్గర కాపలావాళ్ళు డప్పు కొడుతున్నారు. పిల్లలు ఆగి చూశారు. లోపల పెద్ద ముంగిలి, కాళ్ళ కింద ఇసుక. గాలికి లంగాలు ఉబ్బుతున్నాయి. గయోన్ అందరికంటే ముందు నడిచింది. నారే అందరికంటే వెనక నడిచింది. గయోన్ రెండు మూడు సార్లు వెనక్కి చూసింది. నారే నేల చూసుకుంటూ వస్తోంది.

మండపం మెట్ల దగ్గర నలుగురు ముసలమ్మలు కూర్చుని చిలగడదుంప తింటున్నారు. ఎక్కడో దక్షిణం వైపు ఊళ్ళ నుంచి వచ్చినట్టున్నారు, మాట అలా ఉంది. అందులో ఊదారంగు టోపీ ఆవిడ సక్‌జున్‌ని చేత్తో పిలిచింది.

"ఇలా రారా అబ్బాయ్. ఈ ముడి ఎవరు వేశారు నీకు?"

"ఏం, అవ్వా?"

"పోస్టులో పంపే పార్సెల్‌లా ఉన్నావు. స్టాంపు ఒక్కటే తక్కువ."

మిగతా ముసలమ్మలు నవ్వారు. ఆవిడ వరసగా పిల్లలందరినీ చూసింది. "అదిగో, ఇదీ అంతే. అదీ అంతే. అందరూ పార్సెళ్ళే. ఏమే పిల్లా, ఎవరు కట్టారు?"

ఆ అడిగింది గయోన్‌ని. క్లాసంతా గయోన్ వైపు చూసింది.

"షాపులో కట్టారు," అంది గయోన్.

నోట్లోంచి వచ్చేశాక ఆ మాట ఆమెకే వినబడింది. సక్‌జున్ నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"డబ్బులు తీసుకుని ఇలా కట్టి పంపుతారా?" అంది టోపీ అవ్వ. ఆవిడ కళ్ళు లైను చివరికి వెళ్ళాయి. "ఇదుగో, దీనికి చూడు. ఇది ముడంటే. నువ్వూ ఆ షాపులోనే కట్టించుకున్నావా?"

"కాదు," అంది నారే. "నేనే కట్టుకున్నా. మా అమ్మ నేర్పింది."

"మీ అమ్మ చెయ్యి మంచిది," అని, అవ్వ మళ్ళీ చిలగడదుంప తొక్క ఒలవసాగింది.

వెనకే వస్తున్న పేక్ టీచర్ అంతా విన్నది. వంగి సక్‌జున్ ముడి చూసింది.

"నాకూ ఇది సరిగ్గా రాదు," అంది. "అయినా ఇలా ఉండదని మాత్రం తెలుసు. ఈ ఫోటో ఊళ్ళో పెడితే బడి పరువు పోతుంది. ఆ షాపు ఓనరుకి ఫోన్ చేస్తాను. ఆ కట్టిన అమ్మాయిని ఇక్కడికి పంపమని చెప్తా."

"టీచర్," అన్నాడు సక్‌జున్.

"ఆగు."

"ఆగలేను టీచర్. బాత్రూం."

"వెళ్ళు మరి."

"నాడా రావట్లేదు."

టీచర్ తల పిన్ను తీసి సక్‌జున్ నడుం దగ్గర కూర్చుంది. పిన్ను మొన ముడిలోకి దూర్చి లాగింది. సక్‌జున్ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతూ ఆకాశం చూస్తున్నాడు. ముడి వదులవగానే రెండు చేతులా ప్యాంటు పట్టుకుని పరుగెత్తాడు. ముసలమ్మలు కళ్ళు తుడుచుకునే దాకా నవ్వారు. పిల్లలూ నవ్వారు.

గయోన్ నవ్వలేదు. టీచర్ ఫోన్ తీసి నంబరు వెతుకుతోంది. ఆ షాపు అక్క గయోన్‌కి గుర్తొచ్చింది. అక్క చేతి వేళ్ళకి ప్లాస్టర్లు ఉన్నాయి. ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఓనరు ఆమె మీద రెండు సార్లు విసుక్కోవడం గయోన్ చూసింది.

"టీచర్, ఫోన్ చెయ్యొద్దు."

"ఎందుకు?"

"షాపులో కట్టలేదు. నేను కట్టాను."

టీచర్ ఫోన్ దించింది. తిట్టినా బాగుండేదనిపించింది గయోన్‌కి.

"నాకు రాదు," అంది గయోన్. "వచ్చనుకున్నా. నారే అప్పుడే చెప్పింది. నేను వినలేదు."

ఫోటోగ్రాఫర్ అప్పటికే స్టాండు నిలబెట్టి చూయింగ్ గమ్ నములుతున్నాడు. "సరిచేసుకోండి మేడం," అన్నాడు. "పన్నెండున్నర దాకా నేను మీవాడినే. ఆ తరవాత కాదు."

పన్నెండూ అయిదు అయింది.

గయోన్ నారే దగ్గరికి వెళ్ళింది. "అందరికీ నువ్వు కట్టవా?"

నారే ఆమెని చూసింది. "మా అమ్మది వియత్నాం కదా. నాకెలా తెలుస్తుంది?"

తన మాటే, తను అన్నట్టే, అంత మామూలుగా. అప్పుడు తను తిట్టలేదనుకుంది గయోన్. ఇప్పుడు ఇటు వైపు నుంచి వింటుంటే అలా లేదు.

"అలా అనకూడదు నేను," అంది. "మీ అమ్మకి తెలుసు. నాకే తెలియదు."

నారే లంగా అంచుకి అంటిన ఇసుక దులుపుకుంది.

"నేను కట్టను," అంది. "నేర్పిస్తా. నువ్వే కట్టు. చిక్కుముళ్ళు వేసింది నువ్వు."

ముందు ఉన్న ముళ్ళు విప్పాలి. దానికే అయిదు నిమిషాలు పోయాయి. టీచర్ పిన్నుతో, గయోన్ గోళ్ళతో, ఒక పిల్ల పళ్ళతో. తరవాత నారే వచ్చి గయోన్ వెనక నిలబడింది. చంకల కింద నుంచి చేతులు ముందుకు చాపి, గయోన్ చేతుల మీద చేతులు పెట్టింది.

"ఎదురుగా నిలబడి చూస్తే కుడి ఎడమ మారిపోతాయి. మా అమ్మ నాకు ఇలాగే వెనక నుంచి నేర్పింది. పొట్టిది కుడి చేతిలో, పొడుగుది ఎడమ చేతిలో. పొట్టిది పైన వెయ్యి. ఇప్పుడు దాన్ని కింద నుంచి తిప్పి పైకి లాగు. బిగించకు. పొడుగుదాన్ని మడిచి ఒక్క రెక్క చెయ్యి. పొట్టిది దాని చుట్టూ రావాలి. ఇప్పుడు లాగు. మెల్లిగా."

రెక్క తలకిందులుగా వచ్చింది.

"మళ్ళీ," అంది నారే.

"మీ అమ్మ ఎక్కడ నేర్చుకుంది?" అంది గయోన్, రిబ్బన్లు విప్పుతూ.

"మండలం ఆఫీసులో, వేరే దేశాల నుంచి వచ్చిన కొత్త కోడళ్ళకి పెట్టిన క్లాసులో. ఇంటికొచ్చి దిండుకి చొక్కా తొడిగి ప్రాక్టీసు చేసేదట. నానమ్మ చూసి, దిండుకి పెళ్ళి చేస్తున్నావా అనేదట."

గయోన్‌కి నవ్వొచ్చింది. నారే నవ్విందో లేదో వెనక ఉంది కాబట్టి కనబడలేదు. చేతులు మాత్రం అక్కడే ఉన్నాయి.

రెండోసారి రెక్క ఎడమ పక్కకి పడుకుంది. కొంచెం వంకరగా. "సరే, పద," అంది నారే.

గయోన్ ఒక్కొక్కరికీ కట్టడం మొదలుపెట్టింది. ప్రతి ఒక్కరి వెనకకీ వెళ్ళి, చంకల కింద నుంచి చేతులు పెట్టి కట్టింది. నారే పక్కన నిలబడి, తప్పు జరిగినప్పుడల్లా "ఊహూ" అంది. మూడోదానికి అయిదు ఊహూలు పడ్డాయి. ఆరోదానికి ఒక్కటి. సక్‌జున్‌కి చక్కిలిగింతలు ఎక్కువ. వాడు మెలికలు తిరుగుతుంటే ఇద్దరు పట్టుకున్నారు.

చివరి ముడి పడేసరికి పన్నెండూ ఇరవై ఏడు.

"ఇటు చూడండి," అన్నాడు ఫోటోగ్రాఫర్. రెండు సార్లు నొక్కాడు. అంతే. స్టాండు మడిచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

*

బస్సు ఊరికి చేరేసరికి ఎండ పసుపు రంగుకి తిరిగింది. రోడ్డు పక్కన టార్పాలిన్ల మీద ఎర్ర మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బస్టాపు దగ్గర పిల్లల కోసం నలుగురైదుగురు పెద్దవాళ్ళు నిలబడ్డారు. నారే వాళ్ళమ్మ కొంచెం ఎడంగా, మిరపకాయలు మూటకెత్తుతోంది. తలకి ఎండ టోపీ, చేతులకి రబ్బరు తొడుగులు.

గయోన్ బస్సు దిగి పెద్దవాళ్ళ ముందు ఒక్కొక్కరికీ వంగి నమస్కారం పెట్టింది. రోజూ పెట్టేదే. ఆ ఊళ్ళో పిల్లలందరూ పెడతారు. అక్కడి నుంచి ఇంటి దారి ఎడమకి తిరుగుతుంది.

గయోన్ తిరగలేదు. మిరపకాయల దాకా నడిచి వెళ్ళింది. నారే వాళ్ళమ్మకి తను ఇంతవరకు ఎప్పుడూ విడిగా వెళ్ళి నమస్కారం పెట్టలేదు. ఎవరూ వద్దనలేదు. తనకే తోచలేదు.

రెండు చేతులూ పొట్ట దగ్గర పెట్టుకుని బాగా కిందికి వంగింది.

"పిన్నీ, బాగున్నారా?"

నారే వాళ్ళమ్మ మూట వదిలి నిటారుగా లేచింది. ముందు కూతురిని చూసింది, ఏమైనా జరిగిందేమో అని. నారే భుజాలు ఎగరేసింది.

"చొక్కా ముడి నారే నేర్పింది," అంది గయోన్. "మగపిల్లలు చీలమండ దగ్గర ప్యాంటుకి కట్టుకునే పట్టీ ఉంది కదా, అది నాకు రాదు. నారేకీ రాదంట. మీరు నేర్పిస్తారా?"

ఆమె తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీసింది. తొందరపడలేదు.

"ఆదివారం రా," అంది. "దిండ్లు రెండు ఉన్నాయి. చెరొకటి."

"సరే పిన్నీ," అంది గయోన్. చేతిలో సంచీ కింద పెట్టి, మూటకి ఆ పక్క చెవి పట్టుకుంది. నారే ఈ పక్క చెవి పట్టుకుంది.