యశ్వంత్ సగంలో వదిలిన కామెంట్

2002లో మా ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో ఉండేది. మనుషులు రాసిన ప్రోగ్రాంని మిషన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ తయారుచేసేవాళ్లం. ఏ కోడ్ ఎందుకు రాశారో దాని పైనే కామెంట్‌గా రాసి, పేరూ టైమూ వెయ్యాలి. ఆ కామెంట్లన్నీ చూసుకోవడం నా పని.

నన్ను ఏడిపించింది యశ్వంత్ ఒక్కడే. కోడ్ బంగారంలా రాసేవాడు, కామెంట్ దగ్గరికొచ్చేసరికి బద్ధకం. ఇంగ్లీషు అక్షరాల్లో వాళ్లింటి తెలుగు రాసిపడేసేవాడు. “నువ్వుండావు కదా అర్చనా, సరిచేసుకో” అని నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే తిట్టేదాన్ని. ఇష్టమని మాత్రం చెప్పలేదు.

ఒక ఆదివారం ఫైల్ తెరిస్తే, “ఈ భాగం ఇట్ల ఎందుకుండాదంటే” అని రాసి వదిలేశాడు. నాకు ఒళ్లు మండింది. సరిగ్గా నాలుగింటికి చందాపురలో వాళ్లింటికి ఫోన్ చేశాను.

“ఇప్పుడే వచ్చి పూర్తి చెయ్యి.”

“వస్తా ఉండా. నేనొచ్చేదాకా యాడికీ పోవద్దు,” అన్నాడు. గొంతు ఎందుకో నీరసంగా ఉంది.

రాలేదు. వానలో అతని బండిని లారీ గుద్దిందని రాత్రికి తెలిసింది. ముష్టి కామెంట్ కోసం పిలిచి చంపుకున్నాను. వాళ్లమ్మ సొన్నమ్మకి మొహం చూపించలేకపోయాను.

ఏడాదిపాటు ఆ సగం వాక్యాన్ని ముట్టుకోలేదు. చివరికి మేనేజర్ తీసెయ్యమన్నాడు. మళ్లీ ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు వచ్చాను. బయట ముసురు. ఏసీ హోరు తప్ప చప్పుడు లేదు. ఏడుస్తూ చెరిపేశాను.

వెనక వరసలో కీబోర్డ్ మోగింది.

తిరిగి చూశాను. ఎవరూ లేరు... తడిసిన రెయిన్‌కోటు వాసన. పెట్రోలు వాసన... దగ్గరగా.

స్క్రీన్ మీద ఆ వాక్యం మళ్లీ ఉంది. దాని కింద ఒక్కో అక్షరమే పడుతోంది...

“దీన్ని పూర్తి చేసేకే వస్తా ఉండా. నువ్వు పిలవకముందే బయల్దేరినా. నీ తప్పు లేదు. యశ్వంత్, మూడున్నర.”

“యశ్వంత్...” అన్నాను. కీబోర్డ్ ఆగిపోయింది.

వెంటనే సొన్నమ్మకి ఫోన్ చేశాను. ఏడాదిలో అదే మొదటిసారి.

“అమ్మా, ఆ రోజు ఎన్నింటికి బయల్దేరాడు?”

“మూడున్నరకమ్మా. ఏదో సగం వదిలేసినా, పూర్తి చేసొస్తా అన్యాడు. సర్కిల్ దగ్గరే అయిపోయింది. మూడుముక్కాలుకి ప్రాణం పోయిందని పోలీసాయన రాసుకున్యాడు.”

యశ్వంత్ పోయింది నా వల్ల కాదు. నా ఫోన్ వల్ల కాదు. ఏడాది బరువు దిగి భోరుమన్నాను. అప్పుడు గుర్తొచ్చింది.

“మరి... నాలుగింటికి ఇంట్లో ఎవరున్నారమ్మా?”

“ఎవురుంటారు తల్లీ? ఇంటికి తాళమేసి, నేను వాని పక్కనే కూచోనుండా.”

ఫోన్ పెట్టేశాను. నేనొచ్చేదాకా యాడికీ పోవద్దు అన్న ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం మాత్రం కుర్చీలోంచి లేవలేదు.