సంత షెడ్డులో ఆడిషన్

తేజకి నటన పెద్దగా రాదు. ఆడిషన్ మర్యాదలు మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

విశాఖలో ఒక యాక్టింగ్ వర్క్‌షాప్‌లో నేర్పారు. టైముకి ముందే వెళ్ళాలి. వెయిటింగ్ హాల్లో కబుర్లు చెప్పకూడదు. డైరెక్టర్ ఏమన్నా ‘యెస్ సర్’ అనాలి. రిజల్ట్ ఎప్పుడని అడగకూడదు. పార్ట్‌నర్‌ని తాకే ముందు పర్మిషన్ అడగాలి. ఇన్ని నేర్పినవాళ్ళు పనిలో పనిగా కాస్త నటన కూడా నేర్పి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేదో తెలియదు.

కాఫీ పొడి ప్రకటనకి కొత్తజంట కావాలంటే కిరండూల్ రైలెక్కి అరకు వచ్చాడు. ఇది కూడా పోతే గాజువాకలో నాన్న టైల్స్ షాపులో కూర్చోవాలి. అలా అని నాన్నకి మాటిచ్చాడు. ఆ షాపు తలచుకుంటేనే అతనికి నీరసం వస్తుంది.

హోటల్ హాల్లో పక్క కుర్చీలో ఒకమ్మాయి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటోంది.

“ఇక్కడ తినకూడదండీ. అన్‌ప్రొఫెషనల్” అన్నాడు తేజ.

“ఆకలేత్తే ఏటి సెయ్యాలి?”

“బయటికి వెళ్ళి తినాలి.”

“నువ్వు కర్ర మింగినోడిలాగ కూకున్నావు. అదేనా ప్రొఫెషనంటే?”

ఆమె పేరు రాజకుమారి. అరకు పైన కొండ మీది ఊరు, కాఫీ తోటల కుటుంబం. డిగ్రీ అయింది. లోకల్ ముఖాలు కావాలని కంపెనీవాళ్ళు పిలిస్తే, కెమెరాలో తన ముఖం ఎలా ఉంటుందో చూసుకుందామని వచ్చింది. తేజకి ఇది చాలా చవకబారు కారణంగా తోచింది.

ఆడిషన్లు చూసే డైరెక్టర్ సాయినాథ్ హైదరాబాద్ మనిషి, హాల్లో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యడు. వీళ్ళ గొడవ చూసి ముచ్చటపడ్డాడు.

“మొగుడూ పెళ్ళాల్లా భలే ఉన్నారు. ప్రాక్టీసు చేసి శుక్రవారం ఫైనల్‌కి రండి” అన్నాడు.

ప్రాక్టీసు రాజకుమారి వాళ్ళ తోటలో. రోజూ వాన. సిల్వర్ ఓక్ చెట్ల కింద తడుస్తూ, ఖాళీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని తేజ కళ్ళు మూసుకునేవాడు.

“పంటి నెప్పొచ్చినోడిలాగున్నావు” అనేది రాజకుమారి.

“కాఫీ వాసనని ఫీలవుతున్నాను. మీ ఇంట్లో ఎలా తాగుతారు?”

“మా ఇంట్లో అంబలి తాగుతాం. కాఫీ అమ్మడానికి పండిత్తాం. పట్నపోల్లున్నారు కదా, తాగడానికి.”

వాళ్ళమ్మ ఇచ్చిన అంబలి తాగి తేజ బాగుందన్నాడు. మర్నాడూ అడిగి తాగాడు. రూల్స్ చెప్పడం మానేశాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటే చెప్పాల్సిన డైలాగు మరిచిపోయేవాడు. ఆమెకీ అతను కాస్త ఆలస్యమైతే దారి చూడ్డం అలవాటైంది. పైకి మాత్రం వెక్కిరింపులు తగ్గించలేదు.

శుక్రవారం హోటల్లో కరెంటు పోయింది. సాయినాథ్ కెమెరా పట్టుకుని సంత షెడ్డులోకి దిగాడు. జనం కూరగాయల బస్తాలు పక్కకి జరిపి మూగారు. రాజకుమారి అమ్మమ్మ సోములమ్మ అక్కడే పసుపు అమ్ముకుంటోంది.

“కొత్త ఐడియా. భర్త భార్య చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంటాడు. యాక్షన్” అన్నాడు సాయినాథ్.

తేజకి వర్క్‌షాప్ గుర్తొచ్చింది. తన సంస్కారం డైరెక్టర్‌కి కూడా వినబడాలని గట్టిగానే అడిగాడు.

“రాజకుమారి గారూ, మీ చెయ్యి పట్టుకోవచ్చా?”

ఆమె అతని వైపు చూసింది. అమ్మమ్మ వైపు చూసింది.

“పట్టుకో” అంది.

పట్టుకున్నాడు. ముసలాళ్ళు చుట్టలు ఆర్పి నిలబడ్డారు. సోములమ్మ తక్కెడ కిందపెట్టి వచ్చింది.

“ఏ వూరు బాబూ మీది? మీవోలెప్పుడొత్తారు?”

“ఎందుకమ్మా?”

“పదిమందిలో అడిగి మా గుంట చెయ్యట్టుకున్నావు. అది పట్టుకోమంది. మా వూళ్ళో అది పెల్లిమాట. అడక్కుండా పట్టుకునుంటే తన్ని తగిలేసేవోలం. మర్యాదగా అడిగేవు.”

నేర్చుకున్న మర్యాదల్లో ఒక్కటి ఇన్నాళ్ళకి పనిచేసింది, అదీ ఇలా.

సాయినాథ్ పగలబడి నవ్వాడు. “అది నాటకమని చెప్పి రావయ్యా. ఈ అమ్మాయి మరీ సీరియస్‌గా ఉంది. ఇదే సీను హైదరాబాద్ నుంచి వచ్చిన మోడల్ బిందుమాధవితో చెయ్యి. వేషం నీదే.”

కారులోంచి బిందుమాధవి లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ దిగింది.

“నాటకమైతే నాటకమనీ” అంది సోములమ్మ. “నీ కాల్లట్టుకోం. గుంటకి పదిమందిలో సిన్నతనం, అదే పడతాది.”

రాజకుమారి చెయ్యి వెనక్కి తీసుకుంది. “బేగి సెప్పేసి నీ పని సూసుకో” అంది ఎప్పటిలాగే విసురుగా. ఏడుపు రాకుండా పళ్ళు బిగబట్టింది.

ఒక్క మాట చాలు. వేషం వస్తుంది, టైల్స్ షాపు తప్పుతుంది. కానీ ఇంతమంది ముందు ఇంకో అమ్మాయి చెయ్యి అడిగితే రాజకుమారి మళ్ళీ ఈ సంతలో తలెత్తుకు తిరగలేదు. అంతకంటే, అతనికి ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు.

“నేను చెయ్యను సర్.”

“ఏంటి చెయ్యవు?”

“ఇంకో అమ్మాయిని అడగను.”

“ఇదేనా ప్రొఫెషనలిజం? నడు బయటికి.”

షెడ్డు సంతవాళ్ళది. కాబట్టి ఎవరో క్యాబేజీ బస్తా తెచ్చి కెమెరా ముందు గుమ్మరించారు. బయటికి నడిచింది సాయినాథే.

తేజ నాన్నకి ఫోన్ చేశాడు.

“వేషం పోయింది నాన్నా. షాపుకొస్తాను. ముందు మీరూ అమ్మా అరకు రావాలి. పెళ్ళి మాట్లాడాలి.”

అవతల టైలు కిందపెట్టిన చప్పుడైంది.

“ఆ పిల్లయినా పనిచేస్తుందా?” అన్నాడు నాన్న.

“చేస్తుంది.”

“అయితే వస్తాం. ఇంట్లో ఒక్కరైనా పనిచేసేవాళ్ళుండాలి.”

ఫోన్ పెట్టేసి రాజకుమారి దగ్గరికి వెళ్ళాడు. ఆమె అమ్మమ్మకి పసుపు సంచీలు సర్దిపెడుతోంది.

“ఈ పద్ధతి నీకు ముందే తెలుసు కదా?”

“నానేటి విశాకపట్నం నుంచొచ్చేనా, తెలీకపోడానికి?”

“నేను అడిగింది సీను కోసమే” అన్నాడు నిజాయితీగా. “అది కూడా తెలుసా?”

“తెలుసు” అంది రాజకుమారి. “నువ్వడిగింది సీను కోసం. నాను పట్టుకోమంది సీను కోసం కాదు.”